రబ్బరు పెట్టేస్తే వైబ్రేషన్ తగ్గిపోతుందా? ఇంట్లో కట్టుకునే విమానాల్లో సెన్సార్ల బిగింపు కథ

2021 సెప్టెంబర్‌లో ఆపిల్ ఐఫోన్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక ఇచ్చింది. పెద్ద ఇంజన్ ఉన్న బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి తిరిగితే, ఆ అదురుడు వల్ల కెమెరాలోని ఇమేజ్ స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని. లోపల లెన్స్‌ని కదిపే భాగాలు, వాటికి దారి చూపే గైరో సెన్సార్, ఇవన్నీ చేతి వణుకు కోసం తయారైనవి. 350 సీసీ సింగిల్ సిలిండర్ కోసం కాదు. చిన్న స్కూటర్ అయినా అదురుడు తగ్గించే మౌంట్ వాడమని అందులో చెప్పారు.

ఇప్పుడు ఆ బైక్ బదులు నాలుగు సిలిండర్ల విమానం ఇంజన్ ఊహించుకోండి. ఆ గైరో ఫోటో కోసం కాదు, మేఘంలో ఉన్నప్పుడు రెక్కలు సమానంగా ఉన్నాయో లేదో పైలట్‌కి చెప్పడానికి ఉంది. అమెరికాలో ఇలాంటి విమానాలు గ్యారేజీల్లో వేల సంఖ్యలో తయారయ్యాయి. సగానికి పైగా పని సొంతంగా, నేర్చుకోవడానికో సరదాకో చేసుకుంటే, అక్కడి ఎఫ్‌ఏఏ దాన్ని 'ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్' కింద ఒప్పుకుంటుంది. ఒక్క వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కిట్‌లతోనే 10 వేలకు పైగా విమానాలు ఎగిరాయి. వీటి డ్యాష్‌బోర్డులో పాత ముళ్ల గడియారాలు కాకుండా గార్మిన్ జీ3ఎక్స్ టచ్, డైనాన్ స్కైవ్యూ లాంటి టచ్ స్క్రీన్లు ఉంటాయి. వాటి వెనక ఉండేది మన ఫోన్‌లో ఉండే జాతి సెన్సారే, మెమ్స్ గైరో, యాక్సిలరోమీటర్. అందుకే ఈ సబ్జెక్ట్ మన సైట్‌కి అంత దూరమేమీ కాదు.

ముందు లెక్క, తర్వాత రబ్బరు

లైకమింగ్ ఓ-360 ఇంజన్ తీసుకుందాం. 2,400 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకు 40 సార్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ కాబట్టి తిరుగుడుకి రెండు పేలుళ్లు, అంటే 80 హెర్ట్జ్. రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌కే ఉంటుంది, కాబట్టి బ్లేడ్లు గాలిని కొట్టేది కూడా 80 హెర్ట్జ్ దగ్గరే.

80 హెర్ట్జ్ దగ్గర ఒక వస్తువు అటూ ఇటూ 0.04 మి.మీ. కదిలితే చాలు, దాని మీద 1 జీ త్వరణం పడుతుంది. వెంట్రుక మందం కంటే తక్కువ అది. కంటికి కనిపించదు, చేత్తో పట్టుకుంటే గుయ్యిమంటుంది అంతే. సెన్సార్‌కి మాత్రం భూమి ఆకర్షణకి సమానమైన ఇంకో బలం సెకనుకు 80 సార్లు పైకీ కిందకీ లాగుతున్నట్టు ఉంటుంది.

మనలాంటి కోడ్ రాసేవాళ్లకి వెంటనే తట్టే మాట: 'ఒక లో పాస్ ఫిల్టర్ రాసేస్తే పోతుంది కదా.' పోదు. రెండు చోట్ల ఇరుక్కుపోతుంది.

మొదటిది క్లిప్పింగ్. కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ వాడే ఎమ్‌పీయూ-6050 చిప్ మామూలుగా ప్లస్ మైనస్ 2 జీ రేంజ్‌లో మొదలవుతుంది. గురుత్వాకర్షణ అప్పటికే 1 జీ తినేసింది. అదురుడు 1.5 జీ వచ్చిందనుకోండి, సిగ్నల్ మైనస్ 0.5 నుంచి ప్లస్ 2.5 దాకా ఊగాలి. పైన 2 దగ్గర కోసేస్తుంది, కింద కోయదు. ఇప్పుడు సగటు తీస్తే 1 జీ రాదు, తక్కువ వస్తుంది. సగటే తప్పైతే ఫిల్టర్ ఆ తప్పుని ఇంకా నున్నగా చేసి చూపిస్తుంది.

రెండోది అలియాసింగ్. సినిమాలో కారు చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా, అదే. చిప్ లోపలి ఫిల్టర్ సరిగ్గా పెట్టకుండా సెకనుకు 80 సార్లు రీడింగ్ తీస్తూ పోతే, 81 హెర్ట్జ్ అదురుడు 1 హెర్ట్జ్ ఊగులాటలా కనిపిస్తుంది. విమానం నిజంగా సెకనుకోసారి ఊగితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. శాంపిల్ తీసేశాక ఏది నిజమో ఏది దొంగదో చెప్పగల కోడ్ లేదు. డ్రోన్ వాళ్లకి ఇది బాగా తెలుసు. ఆర్డుపైలట్ లాగ్‌లో వైబ్రేషన్ అంకె 30 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ లోపు ఉంటే సాధారణంగా ఫర్వాలేదు, 60 దాటితే దాదాపు ఖాయంగా ఇబ్బందే. నాచ్ ఫిల్టర్లు అద్భుతంగా పనిచేస్తాయి, కానీ బిగింపు బాగున్న చోటే.

మెత్తగా ఉందనుకున్న రబ్బరు మెత్తగా ఉండదు

సరే, హార్డ్‌వేర్‌తోనే ఆపుదాం అని సెన్సార్ కింద నాలుగు రబ్బరు గ్రోమెట్లు పెడతాం. ఇక్కడే తమాషా.

స్ప్రింగ్ మీద ఉన్న ఏ వస్తువుకైనా ఒక సొంత ఊపు ఉంటుంది. బరువు పెట్టగానే రబ్బరు 1 మి.మీ. దిగితే ఆ ఊపు సుమారు 16 హెర్ట్జ్. అప్పుడు 80 హెర్ట్జ్ అదురుడులో 4 శాతమే పైకి వస్తుంది. సూపర్. కానీ 30 గ్రాముల సెన్సార్ పెడితే గట్టి గ్రోమెట్ 1 మి.మీ. ఎందుకు దిగుతుంది? 0.07 మి.మీ. కూడా కష్టం. అప్పుడు సొంత ఊపు 60 హెర్ట్జ్‌కి వెళ్లిపోతుంది, 80 హెర్ట్జ్ అదురుడు తగ్గకపోగా దాదాపు 1.3 రెట్లు అవుతుంది. సొంత ఊపు కంటే 1.41 రెట్లు దాటిన ఫ్రీక్వెన్సీల్నే రబ్బరు ఆపుతుంది. దాని కింద ఉన్నవాటిని పెంచుతుంది. ఆన్‌లైన్‌లో 'యాంటీ వైబ్రేషన్' అని అమ్మే మౌంట్లలో ఎంత బరువుకి పనిచేస్తుందో రాయనిది ఏదైనా సరే, నా దృష్టిలో అది అలంకారమే.

పోనీ బాగా మెత్తటి జెల్ పెడదామా? చిన్న డ్రోన్‌లో నడుస్తుంది. విమానంలో కుదరదు. పెట్టె మెత్తగా కూర్చుంటే విమానం తిరిగినప్పుడు అది కొంచెం ఆలస్యంగా, కొంచెం వాలి తిరుగుతుంది. తెర మీద కనిపించేది పెట్టె వాలు, విమానం వాలు కాదు. అందుకే ఆటిట్యూడ్ సెన్సార్ తయారీదారులు దాన్ని గట్టిగా, నేరుగా విమానం నిర్మాణానికే బిగించమంటారు.

ఆ మాటకొస్తే రబ్బరు ఉండాల్సిన చోట ఇప్పటికే ఉంది, ఇంజన్ కింద. లైకమింగ్ ఇంజన్లలో చాలావరకు డైనాఫోకల్ మౌంట్ మీద కూర్చుంటాయి, నాలుగు మూలలా రబ్బరు దిమ్మెలు, ఇంజన్ బరువు కేంద్రం వైపు వాలి ఉంటాయి. 100 కిలోలు దాటిన ఇంజన్ రబ్బరుని సరిపడా నొక్కుతుంది కాబట్టి అక్కడ లెక్క కుదురుతుంది.

మిగిలింది చోటు ఎంచుకోవడం. ఈ విమానాల పై రేకు చాలాచోట్ల 1 మి.మీ. కూడా ఉండదు. ఆ రేకు మధ్యలో సెన్సార్ బిగిస్తే డప్పు మీద పెట్టినట్టే. రిబ్, బల్క్‌హెడ్ కలిసే మూలకి తెచ్చి బిగించాలి. బ్రాకెట్ పొడవు సగం చేస్తే వంగడంలో 8 రెట్లు గట్టిపడుతుంది, మందం రెట్టింపు చేసినా 8 రెట్లే. కాబట్టి ఖరీదైన ప్యాడ్ కంటే పొట్టి బ్రాకెట్, అంచు మడిచిన రేకు మేలు. మాగ్నెటోమీటర్‌కి ఇంకో తలనొప్పి: దగ్గర్లో స్టీలు స్క్రూ ఉండి, బ్రాకెట్ ఊగుతుంటే దిక్కు కూడా ఊగుతుంది. అందుకే దాన్ని రెక్క చివరికో తోక వైపుకో పంపి, ఇత్తడి స్క్రూలు వాడతారు.

అసలు ప్రాణం మీదకి తెచ్చేది వేరే సెన్సార్

ఆటిట్యూడ్ తెర తప్పు చూపిస్తే పగటిపూట బయటికి చూసి దిగొచ్చు. ఆయిల్ ప్రెషర్ సెన్సార్ విరిగితే అలా కాదు.

కారు మెకానిక్ అలవాటుతో చూస్తే ఈ సెన్సార్‌ని ఇంజన్‌కి ఉన్న రంధ్రంలోనే మర బిగించేయడం సహజం. కానీ పాత రకం ప్రెషర్ సెండర్ బరువైన డబ్బా. చిన్న ఇత్తడి ఫిట్టింగ్ చివర అది వేలాడుతూ సెకనుకు 80 సార్లు ఊగుతుంటే, మర గాడి దగ్గర ఫెటీగ్ పగులు మొదలవుతుంది. గంటకి 2,88,000 ఊపులు. మొదటి 40 గంటల టెస్ట్ ఫ్లైట్లకే కోటి దాటుతుంది. అల్యూమినియం ఫిట్టింగ్ అయితే ఇంకా ఘోరం, ఇంత లోపు ఒత్తిడి అయితే ఎప్పటికీ విరగదు అనే హద్దు దానికి లేదు. విరిగిన రోజు వేడి ఆయిల్ ఎగ్జాస్ట్ మీద చిమ్ముతుంది, కొద్దిసేపటికే ఇంజన్ ఎండిపోతుంది.

దీనికి హోమ్‌బిల్డర్లు స్థిరపరచుకున్న పద్ధతి చాలా సింపుల్. సెన్సార్‌ని ఇంజన్ మీద నుంచి తీసేసి ఫైర్‌వాల్‌కి బిగిస్తారు. మన నెట్‌వర్క్ ఫైర్‌వాల్ కాదు, ఇంజన్‌కీ మనిషికీ మధ్య నిజంగా మంటని ఆపే గోడ. ఇంజన్ నుంచి అక్కడికి వంగే గొట్టం వేస్తారు. ఇంజన్ వైపు స్టీలు ఫిట్టింగ్, అందులో సుమారు 1 మి.మీ. రంధ్రం మాత్రమే. ప్రెషర్ చదవడానికి ఆ రంధ్రం చాలు, రేపు గొట్టం తెగినా ఆయిల్ సన్నగానే కారుతుంది, కిందికి దిగడానికి టైమ్ దొరుకుతుంది. ఫ్యూయల్ ప్రెషర్ సెన్సార్‌కీ ఇదే వరస. ఇంతకంటే మంచి డిజైన్ నేను ఏ గ్యాడ్జెట్‌లోనూ చూడలేదు, ఇందులో ఒక్క చిప్ కూడా లేదు.

అదురుడుని పుట్టిన చోటే తగ్గించడానికి ప్రొపెల్లర్ డైనమిక్ బ్యాలెన్సింగ్ ఉంది. ఇంజన్ మీద ఒక యాక్సిలరోమీటర్, ప్రొపెల్లర్‌కి మెరిసే టేపు ముక్క, దాన్ని చూసే ఆప్టికల్ సెన్సార్. బరువు ఎటు ఎక్కువుందో లెక్క తేలాక ఎదురుగా చిన్న వాషర్లు బిగిస్తారు. మామూలుగా సెకనుకు 0.1 అంగుళం కంటే తక్కువకి తెస్తారు.

ఫోన్‌తో కొలవొచ్చా అని అడుగుతారని తెలుసు. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్‌లో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ ఉంది, వాషింగ్ మెషీన్ మీద పెట్టి చూడండి, 1,200 ఆర్‌పీఎమ్ స్పిన్ అయితే 20 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తుంది. విమానంలో మాత్రం జాగ్రత్త. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక పర్మిషన్ అడగని యాప్‌కి సెకనుకు 200 శాంపిల్స్ మించి రావు, అంటే 100 హెర్ట్జ్ దాటింది ఏదైనా మడిచిపెట్టి చూపించే అవకాశం ఉంది. గేర్‌బాక్స్ ఉన్న రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజన్ 5,000 ఆర్‌పీఎమ్ దగ్గర 167 హెర్ట్జ్‌లో పేలుతుంది, ఫోన్‌లో అది 33 దగ్గర తేలొచ్చు. ప్రొపెల్లర్ తిరిగేది 34 దగ్గర. రెండూ ఒకటే అనిపిస్తాయి. 4,800కి తగ్గించి మళ్లీ చూస్తే తెలిసిపోతుంది: ప్రొపెల్లర్ గీత 33కి దిగుతుంది, దొంగ గీత 40కి ఎక్కుతుంది.