బీటా వేసిన ఫోన్‌ను పాత దారికి తేవడానికి ఎంతవుతుంది?

ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 పరీక్షా రూపాన్ని, అంటే బీటాను, ఆపిల్ 2025 జూన్ 9న వదిలింది. అందరికీ ఇచ్చే అసలు రూపం సెప్టెంబరు 15న వచ్చింది. మధ్యలో 98 రోజులు. ఆ ఏడాది బహ్రెయిన్‌లో మండుటెండలో బయటి పనిపై నిషేధం జూన్ 15న మొదలై, సరిగ్గా అదే సెప్టెంబరు 15న ముగిసింది. అల్బా అల్యూమినియం కర్మాగారం ఉన్న అస్కర్ చుట్టుపక్కల బయటి పనిలో ఉన్నవాళ్లకు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా విరామం, రూములో వైఫై. బీటా వేసి చూద్దామనిపించడంలో వింతేమీ లేదు.

బీటా అంటే తయారీ పూర్తికాకముందే, తప్పులు పట్టడానికి జనం చేతికిచ్చే సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టాలా? అక్కర్లేదు. ఆపిల్ డెవలపర్ బీటా కూడా 2023 నుంచి ఉచితమే. ఖర్చంతా తర్వాత, వేరే రూపాల్లో వస్తుంది.

మొదటిది డౌన్‌లోడ్. ఫైలు 6 జీబీ అనుకుందాం. సెకనుకు 10 మెగాబిట్ల వైఫై మొత్తం మీకే దొరికితే 80 నిమిషాలు. అదే వైఫైని ఎనిమిది మంది పంచుకుంటే పది గంటలు దాటుతుంది. పక్క మంచం మీద వీడియో కాల్ ఆగిపోతే తిట్లు అదనం.

వేసిన వెంటనే ఫోన్ వేడెక్కి, బ్యాటరీ చకచకా దిగిపోతోందా? మొదటి ఒకటి రెండు రోజులు కంగారు పడకండి. ఫోటోలు, ఫైళ్లన్నిటికీ ఫోన్ కొత్తగా సూచిక రాసుకుంటుంది, ఆ పనికి వేడి తప్పదు. కాకపోతే ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే గరిష్ఠ వాతావరణ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. అస్కర్ వేసవి మధ్యాహ్నం 40 దాటడం మామూలే. కాబట్టి ఏసీ గదిలో, రాత్రిపూట వేయండి.

బ్యాంకు యాప్ తెరుచుకోకపోతే తప్పు మీది కాకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో చాలా డబ్బు యాప్‌లు తెరుచుకునేముందు 'ఈ ఫోన్ నమ్మదగినదేనా' అని గూగుల్‌ను అడుగుతాయి. ఈ తనిఖీ పేరు ప్లే ఇంటెగ్రిటీ. 'కాదు' అని జవాబొస్తే యాప్ మూసుకుంటుంది. కొన్ని యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉన్నా ఒప్పుకోవు, ముందు అది ఆపి చూడండి. అప్పటికీ తెరవకపోతే కార్డుతో ఏటీఎం, లేదంటే ఎక్స్ఛేంజ్ కౌంటరు ఉన్నాయి.

"సరే, పాతదానికి వెళ్లిపోతాను" అంటారా? అసలు చిక్కు ఇక్కడే. ఆండ్రాయిడ్ బీటా నుంచి మధ్యలో బయటికొస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఐఫోన్‌లోనూ అంతే, పైగా బీటాలో తీసిన బ్యాకప్ పాత ఐఓఎస్‌లో ఎక్కదు. బీటా వేయకముందే కంప్యూటర్‌లోకి తీసి దాచిన బ్యాకప్ కావాలి. కార్మికుల క్యాంపులో కంప్యూటర్ ఎంతమందికి ఉంటుంది? ఆన్‌లైన్‌లో దాచుకుందామంటే గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఫోటో 3 ఎంబీ అనుకుంటే 5,000 ఫోటోలకే అది నిండుతుంది, వాట్సాప్ బ్యాకప్‌కు చోటుండదు. ఐక్లౌడ్ ఉచిత వాటా 5 జీబీయే.

ఫోటోలు పోతే బాధ. యూపీఐ పోతే పనే ఆగుతుంది. చెరిగిన ఫోన్‌లో యూపీఐని మళ్లీ నమోదు చేసేటప్పుడు, యాప్ మీ ఇండియా సిమ్ నుంచి తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపి, ఈ నంబరు ఈ ఫోన్‌లోనే ఉందని రుజువు చేసుకుంటుంది. అంటే ఓటీపీ రావడం ఒక్కటే చాలదు, ఎస్సెమ్మెస్ వెళ్లాలి కూడా. సిమ్‌కు రీచార్జి ఉండాలి, రోమింగ్ ఆన్‌లో ఉండాలి, వెళ్లే ఎస్సెమ్మెస్‌కు బ్యాలెన్స్ ఉండాలి. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పది దేశాలకు అనుమతిచ్చింది. సౌదీ, ఒమన్, ఖతర్, యూఏఈ అందులో ఉన్నాయి, బహ్రెయిన్ లేదు. పక్కనే సౌదీలో ఉన్న తమ్ముడికి అందిన సౌకర్యం ఇక్కడి అన్నకు ఆ జాబితాలో అందలేదు.

నమోదయ్యాక కూడా కనీసం మొదటి 24 గంటలు 5,000 రూపాయల పరిమితి ఉంటుంది. దినారుకు 230 రూపాయలు లెక్కేస్తే 22 దినార్లకు లోపే. ఊళ్లో పిల్లల ఫీజు 30,000 ఆ రోజే కట్టాలంటే, వెళ్లేది ఆరో వంతు. బెనిఫిట్ పే, ఈకీ లాంటి ఇక్కడి యాప్‌లలోకి కూడా మళ్లీ కొత్తగా లాగిన్ కావాలి. సీపీఆర్ గుర్తింపు కార్డు, బహ్రెయిన్ సిమ్ దగ్గర పెట్టుకోండి.

శాంసంగ్ సంగతి కొంచెం వేరు. వన్ యూఐ 7 బీటా 2024 డిసెంబరులో మొదలైంది జర్మనీ, ఇండియా, కొరియా, పోలండ్, బ్రిటన్, అమెరికాల్లో. బహ్రెయిన్ లేదు కదా అని ఎవరో ఇచ్చిన ఫైలును కంప్యూటర్‌తో ఎక్కిస్తానంటే మాత్రం వద్దనే చెబుతాను. అది శాంసంగ్ ముద్ర లేని ఫైలైతే నాక్స్ అనే రక్షణ గుర్తు శాశ్వతంగా మారిపోతుంది. తర్వాత అసలు సాఫ్ట్‌వేర్ వేసినా సెక్యూర్ ఫోల్డర్ తిరిగి రాదు.

ఇప్పటికే బీటాలో ఉన్నవాళ్లకు చవకైన దారి ఒకటుంది, ఆగడం. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి బీటా అప్‌డేట్స్ ఆపేయండి. అసలు రూపం రాగానే మామూలు అప్‌డేట్‌లా వేసుకుంటే ఏదీ చెరగదు. గూగుల్ పిక్సెల్‌లో అసలు రూపం వేసుకున్నాక, తర్వాతి బీటా ఎక్కకముందే కార్యక్రమం నుంచి తప్పుకోవాలి. అసలు రూపం రాకముందే తప్పుకుంటే "పాతదానికి మారండి" అంటూ ఒక అప్‌డేట్ కనిపిస్తుంది. దాన్ని నొక్కకండి, ఫోన్‌ను చెరిపేది అదే.