చుక్కలు పోయి గీతలొచ్చె!

పిల్లలూ! తిరుమల వెళ్ళేముందు మీ ఇంట్లో దర్శనం టిక్కెట్లు కంప్యూటరులోనో, ఫోనులోనో తీసుకుంటారు గదా? ఆ టిక్కెట్టు దొంగదైతే డబ్బూ పోతుంది, దర్శనమూ దక్కదు.

2023లో దేవస్థానంవారి వెబ్‌సైటు పేరులో తిరుపతిబాలాజీ, ఏపీ, గవ్ అనే మాటల మధ్య చుక్కలుండేవి. మోసగాళ్ళు చుక్కలు తీసి అడ్డగీతలు పెట్టి, అచ్చం అట్లాంటిదే మరొకటి తయారుచేశారు. అంతకుముందే 40 దొంగ వెబ్‌సైట్లమీద కేసులున్నాయి, ఇది 41వది!

మరి ఇలాంటివాటిని ముందే పసికట్టటమెట్లా?

ఊళ్ళో స్థలం కొంటే రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. అట్లాగే వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం కావాలి. 2011లో హాలెండులోని డిజినోటార్ అనే కంపెనీలోకి దొంగలు చొరబడి, గూగుల్ పేరుతోనే దొంగపత్రం పుట్టించారు. ఆ తరవాత, ఇచ్చిన పత్రాలను అందరూ చూడగల చిట్టాల్లో రాసే పద్ధతి వచ్చింది. చిట్టాకెక్కని కొత్తపత్రాన్ని 2018 నుంచి క్రోమ్ బ్రౌజరు నమ్మటం మానేసింది. కనుక దొంగ కూడా పత్రం తీసుకోక తప్పదు; తీసుకుంటే అతని వెబ్‌సైటు పేరు చిట్టాకెక్కక తప్పదు! "తిరుపతి", "బాలాజీ" అనే మాటలున్న కొత్తపేర్లకోసం రోజూ చిట్టాలు వెతికితే, ఒక్క భక్తుడైనా మోసపోకముందే దొంగ జాడ దొరకవచ్చు.

మీరూ ఒక పని చెయ్యండి. వెబ్‌సైటు పేరును తోకనుంచి చదవండి. "గవ్ డాట్ ఇన్" అనే తోక ప్రభుత్వసంస్థలకే ఇస్తారు. ఆ దొంగ వెబ్‌సైటు తోక "ఆర్గ్". 2024లో దేవస్థానంవారు తమ వెబ్‌సైటు పేరు మార్చారు కాని, తోక మార్చలేదు. ఒకవేళ డబ్బు పోతే, ఆలస్యం చెయ్యక 1930కి ఫోను చెయ్యమని పెద్దలకు చెప్పండి.