వనపర్తి రౌతులు, ఏసీ గార్డ్స్ సిద్దీలు

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళం వల్ల వచ్చింది. ఆ రౌతుల సంతతివాళ్లు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడ ఉంటున్నారు. నిజాం తెచ్చిపెట్టుకున్న పరాయివాళ్లని చాలామంది అనుకుంటారు. కానీ ఆ దళం నిజాం చేతికి వచ్చింది పాలమూరు నేల మీదుగానే. 19వ శతాబ్దంలో అక్కడి వనపర్తి సంస్థానాన్ని ఏలిన రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సైనికులను కొలువులో పెట్టుకున్నాడు. ఆ బలగమే తర్వాత నిజాంకు దక్కింది. కాబట్టి సిద్దీల కథను ముస్లిం ప్రభువుల ఖాతాలో రాసి చేతులు దులుపుకోవడం కుదరదు. అందులో తెలుగు దొరల వాటా కూడా ఉంది.

ఆఫ్రికా సంతతివాళ్లకు గుర్తింపు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. అమెరికాలో తోటల బానిసత్వం ఏ తెగవాడు, ఏ భాషవాడు అని చూడకుండా నల్లవాళ్లందరినీ ఒకే గాటన కట్టింది. నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ 1914లో జమైకాలో సంఘం పెట్టి ఆ అవమానాన్నే తిరగేశాడు, నల్లవాళ్లంతా ఒకే జాతి అని చాటాడు. దక్కన్‌లో అలా జరగలేదు. ఇథియోపియాలో పుట్టి, చేతులు మారుతూ అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని తానే నడిపి, 1626లో చనిపోయేదాకా మొఘలులకు కొరకరాని కొయ్యగా ఉన్నాడు. ఇక్కడ ఆఫ్రికావాడికి గుర్తింపు ఒంటి రంగు కన్నా కొలువు వల్ల ఎక్కువగా వచ్చింది. హైదరాబాద్ సిద్దీ అంటే రిసాలా (గుర్రపు దళం) మనిషి. (దేశమంతా ఆనకట్టలు కట్టి ‘పాలమూరు లేబర్’ అనిపించుకున్న జిల్లాకు, పనే మనిషి పేరైపోవడం కొత్తేమీ కాదు.) అందుకే 1948 పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయాక కొలువూ పోయింది, దాంతో వచ్చిన హోదా కూడా పోయింది.

బానిసత్వాన్ని ఇలా తేలిక చేస్తున్నామా అని ఎవరైనా అడగవచ్చు. లేదు. ఓడల్లో సరుకుగా వచ్చినవాళ్లలో అంబర్‌లా ఎదిగింది ఏ కొద్దిమందో. అతను ఎదిగినంత మాత్రాన ఆ బేరం మంచిదైపోదు. మరి మనకు రంగు పట్టింపు లేదా? పెళ్లి ప్రకటనలు తిరగేస్తే చాలు, ఎంతుందో తెలుస్తుంది. తాత ముత్తాతలు ఇక్కడే పుట్టిన సిద్దీని చూసి ‘మీది ఏ దేశం?’ అనేవాళ్లకూ కొదవ లేదు. అయితే చిన్నచూపు వేరు, ఆ చిన్నచూపు మీదే ఒక జాతిని నిలబెట్టడం వేరు. ఇక్కడ ఆ రెండోది జరగలేదు. హైదరాబాద్ సిద్దీల మాట దక్కనీ ఉర్దూ. వాళ్ల మర్ఫా డప్పుల్లో అరబ్బుల పాలూ ఉంది. నగరంలో ఎవరి బరాత్‌లోనైనా అవి మోగుతాయి. అందులో ‘అచ్చమైన ఆఫ్రికా’ను వెతికేవాళ్లకు నిరాశే.

ప్రభుత్వాలు వాళ్లను లెక్కలోకి తీసుకున్న తీరు చూడండి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ సిద్దీలను 2003లో షెడ్యూల్డు తెగగా గుర్తించారు. మన దగ్గర, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2007 నాటి చట్టం సిద్దీ, హబ్షీ పేర్లతో వాళ్లను బీసీ-ఇ ముస్లిం వర్గాల్లో చేర్చింది. సరిహద్దుకు అటు తెగ, ఇటు వెనుకబడిన వర్గం. జాతి అనేది నెత్తురులోనే ఉండే మాటైతే రాష్ట్రానికో రకంగా ఎందుకు మారుతుంది? బీసీ-ఇ వర్గాలకు ఇచ్చిన రిజర్వేషన్‌ను 2010లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో మళ్లీ నిలిచింది. కోర్టుల్లో వాదన ఎక్కువగా మతం ప్రాతిపదికన రిజర్వేషన్ ఇవ్వవచ్చా, కూడదా అన్నదాని చుట్టూ తిరిగింది. ఆఫ్రికా మూలాలతో దానికి పని పడలేదు.