వార్తల్లో పదం: విద్యాగమ

కోవిడ్‌తో 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆన్‌లైన్ చదువు అందని ప్రభుత్వ బడి పిల్లల కోసం ఆగస్టులో కర్ణాటక విద్యాశాఖ మొదలుపెట్టిన కార్యక్రమమే విద్యాగమ. పిల్లలు బడికి రాలేరు కనుక టీచరే వాళ్ల వీధికి వెళ్లేవారు. ముందుగా ఆరా తీసి పిల్లల్ని మూడు రకాలుగా విడదీశారు: ఇంటర్నెట్ ఉన్న ఫోన్ గలవాళ్లు, మామూలు ఫోన్ గలవాళ్లు, ఏ ఫోనూ లేనివాళ్లు. గుడి మండపమో, సముదాయ భవనమో, చెట్టు నీడో, ఏది దొరికితే అదే తరగతి గది.

కోలారు జిల్లాలో ఈ ఫోన్ల లెక్క అంత తేలిక కాలేదు. ఇంట్లో ఫోన్ ఉందా అన్నది సగం ప్రశ్నే. పగలు అది ఎవరి జేబులో ఉంటుంది? 2001లో బంగారు గనులు మూతపడ్డాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో చాలామందికి బతుకుతెరువు బెంగళూరే. పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చే మనిషితోపాటే ఫోనూ వెళ్లిపోతుంది. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఇంకో చిక్కు. ఎన్నో ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ. పాఠం అర్థం కాకపోతే అమ్మానాన్నలను అడిగినా లాభం అంతంతమాత్రం. ఎదురుగా కూర్చున్న టీచరైతే పిల్ల ముఖం చూసి, వచ్చినంత తెలుగులో విడమరచి చెప్పగలరు. దూరదర్శన్ చందన ఛానల్‌లో వచ్చిన టీవీ పాఠాలకైనా, ఆంధ్రలో సప్తగిరి ఛానల్ పాఠాలకైనా ఆ వీలు లేదు. టీవీని ఎదురు ప్రశ్న అడగలేం కదా!

టీచర్లకు, పిల్లలకు కోవిడ్ సోకిందన్న వార్తలతో అక్టోబరులో విద్యాగమను ఆపేశారు. 2021 జనవరి 1న 6 నుంచి 9 తరగతులకు మళ్లీ మొదలైంది, ఈసారి బడి ఆవరణలోనే, తల్లిదండ్రుల అనుమతి పత్రంతో.