తూకానికి అమ్మే ముందు ఒకసారి చదవండి

శుక్రవారం నాడు కహఫ్ సూరా పారాయణం చేసేవారికి గుహవాసుల వృత్తాంతం కొత్త కాదు. ఏళ్ళ తరబడి నిద్రించి లేచిన ఆ యువకులు తమలో ఒకరికి వెండి నాణెం ఇచ్చి, పట్టణానికి పోయి మంచి ఆహారం తెమ్మని పంపుతారు. ఎవరి కంటా పడకుండా జాగ్రత్తగా మసలుకోమని కూడా చెబుతారు. కాని వారి సంగతి ఆ నాణెం వల్లనే బయటపడిందని వ్యాఖ్యాతలు రాశారు. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎప్పుడో గతించిన రాజు నాటి నాణెం నీకెక్కడిదని నిలదీశాడట. అంటే ఆ దుకాణదారు నాణెం తీసుకుని గల్లాలో వేసుకోలేదు, చదివాడు.

నేడు మన ఇళ్ళలో జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. దాదీ పెట్టెలోనో, నానా పాత షేర్వానీ జేబులోనో ఉన్న నాణేల మూట బయటపడుతుంది. అమ్మాయి పెళ్ళి దగ్గర పడుతుంది. మూట తిన్నగా సరాఫు దుకాణానికి చేరుతుంది. అతను తరాజులో వేస్తాడు, కల్తీ తీసేసి వెండి ధర కడతాడు, సాయంత్రానికి మూసలో పోస్తాడు. ఆ మూటలో ఏముందో అమ్మినవారికీ తెలియదు, కొన్నవారికీ తెలియదు. ఉర్దూ అక్షరాలు వచ్చిన కుటుంబాలలో కూడా ఇలా జరగడం మరీ విచారకరం. ఎందుకంటే ఈ దేశంలో ఆరేడు వందల ఏళ్ళ పాటు ముద్రించిన నాణేలలో అధికభాగాన్ని చదవడానికి కావలసిన లిపి వారికి ముందే వచ్చు.

బొమ్మ పోయి అక్షరం వచ్చింది

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో అరేబియాకు సొంత నాణెం లేదు. బంగారం అంటే రోమక చక్రవర్తుల దీనారు, వెండి అంటే ఇరాన్ సాసానీ చక్రవర్తుల దిర్హం. ఇరాన్ ముస్లింల ఏలుబడిలోకి వచ్చిన తరువాత కూడా చాలాకాలం పాత అచ్చులే నడిచాయి. ఒక పక్క కిరీటం పెట్టుకున్న ఖుస్రో ముఖం, మరో పక్క అగ్నిగుండం, అంచున మాత్రం చిన్నగా ‘బిస్మిల్లాహ్’! అలాంటి నాణేలు నేటికీ మ్యూజియాలలో ఉన్నాయి. అప్పటి పాలకులు జనం చేతిలోని డబ్బును ఒక్క రాత్రిలో మార్చేయకపోవడం వివేకమే అనిపిస్తుంది.

ఉమయ్యా ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ హయాంలో, హిజ్రీ 77లో (క్రీ.శ. 696-97) ఈ పద్ధతి మారింది. కొత్త దీనారు మీద బొమ్మ లేదు. కలిమా, ఇఖ్లాస్ సూరా నుంచి కొన్ని మాటలు, నాణెం ముద్రించిన సంవత్సరం, అంతే. రెండేళ్ళకు వెండి దిర్హం కూడా అదే దారి పట్టింది. దిర్హం మీద ఊరి పేరు కూడా ఉంటుంది. నాటి దీనార్ల మీద సాధారణంగా ఊరి పేరు ఉండదు.

ఈ దీనారు తూకం సుమారు 4.25 గ్రాములు. ఈ అంకెతో మనకు నేటికీ పని ఉంది. జకాత్ నిసాబ్ ఇరవై దీనార్లు, లేదా రెండు వందల దిర్హములు. పది దిర్హముల బరువు ఏడు దీనార్లకు సమానం. దీనారు 4.25 గ్రాములైతే బంగారం నిసాబ్ 85 గ్రాములు, వెండి నిసాబ్ 595 గ్రాములు అవుతుంది. మన దేశపు ఉలమాలు చెప్పే ఏడున్నర తులాల బంగారం 87.48 గ్రాములు, యాభై రెండున్నర తులాల వెండి 612.36 గ్రాములు. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎందుకని చాలామంది అడుగుతుంటారు. జకాత్ మీద పెద్ద గ్రంథం రాసిన యూసుఫ్ అల్ ఖర్దావీ వంటి విద్వాంసులు మ్యూజియాలలో మిగిలిన నాటి దీనార్లను తూచిన ఫలితాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ దీనార్లన్నీ ఏనాడో కరిగిపోయి ఉంటే ఆ తూకం తేల్చడానికి సాక్ష్యమే మిగిలేది కాదు.

‘గుడ్’ అంటే బాగోలేదని అర్థం!

ఇక నాణేల నాణ్యత నిర్ణయించే సంగతి. దీన్ని గ్రేడింగు అంటారు. వ్యాపారులు వాడే మాటలు చూస్తే నవ్వొస్తుంది. ‘గుడ్’ అంటే బాగా అరిగిపోయిన నాణెం. ‘ఫైన్’ అంటే అరిగినా చదవగలిగేది. దాని పైన ‘వెరీ ఫైన్’, ఆ పైన ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’, అన్నిటికంటే పైన చలామణిలోకి రానేరాని ‘అన్‌సర్క్యులేటెడ్’. ‘గుడ్ కాయిన్ సాబ్’ అని ఎవరైనా అంటే సంబరపడి కొనవద్దు.

1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ 1 నుంచి 70 వరకు అంకెల పద్ధతి పెట్టాడు. అది కేవలం అమెరికా పాత రాగి సెంట్ల కోసం చేసిన లెక్క. తరువాత అదే లోకమంతా పాకింది. 1986, 1987 సంవత్సరాలలో అమెరికాలో వెలసిన రెండు పెద్ద సంస్థలు నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. అంకె ఒక్కటి పెరిగితే ధర రెట్టింపయ్యే సందర్భాలున్నాయి. ఇంతకూ ఆ షెల్డన్ గారు న్యూయార్క్‌లోని నాణేల సంఘం సంగ్రహం నుంచి మంచి సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో తన నాసిరకం సెంట్లు పెట్టాడని ఆయన పోయిన తరువాత తేలింది. నాణ్యతకు అంకెలు కట్టడం నేర్పినవాడి నిజాయితీకి ఎవరు అంకె వేస్తారు?

యంత్రం మీద అచ్చయిన నాణేలకు ఈ అంకెలు కొంతవరకు సరిపోతాయి. చేత్తో సుత్తి దెబ్బ వేసి తయారు చేసిన పాత నాణేలకు సరిపోవు. అందుకే గ్రీకు, రోమన్ నాణేల విషయంలో అరుగుదలను మాటలతో చెప్పి, అచ్చు పడిన తీరుకు అయిదుకు ఇన్ని మార్కులు, ఉపరితలానికి అయిదుకు ఇన్ని మార్కులు అని విడివిడిగా వేసే పద్ధతి 2008 నుంచి వచ్చింది. ఇది న్యాయమైన పద్ధతి. మన మొగలు రూపాయినే తీసుకోండి. అచ్చు పెద్దది, వెండి బిళ్ళ చిన్నది. కనుక అచ్చులోని రాతలో కొంత భాగమే బిళ్ళ మీద పడుతుంది. ఊరి పేరు సగం బయటికి పోతుంది. అది అరుగుదల కాదు, పుట్టుకతో వచ్చిన లోపం. ఒక్కరోజు కూడా చలామణి కాని రూపాయికి సైతం ఊరి పేరు లేకపోవచ్చు. అరిగి నల్లబడిన మరో రూపాయికి ఊరు, సంవత్సరం రెండూ స్పష్టంగా ఉండవచ్చు. అది అరుదైన టంకశాలదైతే, నా మాట అడిగితే రెండోదే మేలు.

పాతదైనంత మాత్రాన ఖరీదైనదనుకోవడం కూడా పొరపాటే. హజ్జాజ్ కట్టించిన వాసిత్ పట్టణపు ఉమయ్యా దిర్హములు పన్నెండు వందల ఏళ్ళు దాటినా విరివిగానే దొరుకుతాయి. అదే హిజ్రీ 105 నాటి ఒక దీనారు 2011లో లండన్ వేలంలో 37 లక్షల పౌండ్లు పలికింది. దాని మీద ‘హిజాజ్‌లోని విశ్వాసుల నాయకుని గని’ అనే అర్థం వచ్చే అదనపు మాటలున్నాయి. అంత ధర తెచ్చినవి ఆ కొద్ది మాటలే.

చింతపండు చేసే చేటు

మన ఇళ్ళలో నాణేనికి జరిగే మొదటి హాని శుభ్రం చేయడం. రాగి నాణెం కనపడగానే చింతపండు పెట్టి తోముతారు. వెండిదైతే బూడిదో, పళ్ళపొడో. తళతళలాడేసరికి విలువ పెరిగిందని సంతోషిస్తారు. నిజానికి వందల ఏళ్ళుగా ఏర్పడిన పైపొర పోయి, సన్నని గీతలు పడి, తెలిసినవాడి దృష్టిలో దాని విలువ బాగా పడిపోతుంది. గ్రేడింగు సంస్థలు అలాంటి నాణేనికి అంకె వేయకుండా ‘తోమినది’ అని రాసి పంపుతాయి. రెండవది, మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించడం. కొక్కెం తీసేసినా అంచున టంకం మచ్చ మిగిలిపోతుంది. దుమ్ము పోవాలంటే మంచినీటిలో నానబెట్టి మెత్తని గుడ్డతో అద్దితే చాలు.

నకిలీల బెడద వేరే ఉంది. పోత పోసిన నకిలీకి అంచున సన్నని అతుకు గీత ఉంటుంది, భూతద్దంలో చూస్తే చిన్న చిన్న బుడగల గుంటలు కనిపిస్తాయి, అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. తూకం తప్పకుండా చూడాలి. మొగలు రూపాయి పదకొండు గ్రాముల పైచిలుకు ఉండాలి. తొమ్మిదే తూగితే ఆగి ఆలోచించాలి. కలిమా, నలుగురు ఖలీఫాల పేర్లు ఉన్న అక్బరు చదరపు రూపాయికి నకళ్ళు లెక్కలేనన్ని. వీటిలో చాలా భాగం మోసానికి చేసినవి కావు, తావీజులుగా వేసుకోవడానికి చేసినవి. కాని అమ్మేవాడు ఆ సంగతి చెప్పడు. కాబా, మదీనా మస్జిద్ బొమ్మలున్న బిళ్ళలు కూడా ఏ రాజూ వేయించిన నాణేలు కావు.

అన్నిటికంటే ప్రమాదం ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు. బియ్యపు గింజలను లాగే రాగి నాణెం, కోట్ల ధర అని చెప్పి మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఎందరి కొంపలు ముంచారో పోలీసు రికార్డులే చెబుతాయి. 786 అంకె ఉన్న నోటుకు లక్షలిస్తామనే ప్రకటనలూ ఈ కోవలోవే. ముందుగా ఫీజు కట్టమంటారు. తన పేరు వాడుకుని ఇలా పాత నాణేల బేరాలు చేస్తున్నారని, వాటితో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా.

హైదరాబాదు నాణేలు

మన వద్ద ఎక్కువగా దొరికేది హాలీ సిక్కా. 1857 తిరుగుబాటు అణిగి మొగలు పాదుషా పేరు పోయాక, ఆసఫ్ జాహీల నాణేల మీద 92 అనే అంకె కనిపిస్తుంది. అది సంవత్సరం అనుకుని తికమక పడేవారున్నారు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హా 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4. కలిపితే 92, ‘ముహమ్మద్’ (స) అనే పేరు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభం నుంచి నాణెం మీద చార్మినార్ వచ్చింది. దాని ద్వారంలో భూతద్దం పెట్టి చూడండి. మీమ్ ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఈ వెండి రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి సుమారు 82 పాళ్ళు. ఇంగ్లీషు వారి రూపాయి కంటే బరువూ తక్కువే, వెండీ తక్కువే. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయల లెక్కన మార్చుకునేవారు.

అంతకు పూర్వం గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షా వేయించిన రాగి నాణేల మీద ‘మేలుతో, శుభంతో ముగిసింది’ అనే అర్థం వచ్చే అరబీ మాటలుంటాయి. రాగి కావడంతో వీటిని చాలామంది పట్టించుకోరు. పాత సామాన్ల దుకాణాలలో ఇత్తడి ముక్కల మధ్య పడి ఉన్నా ఎవరూ చూడరు. ఔరంగజేబు తన నాణేల మీద నుంచి కలిమా తీయించాడు. పవిత్ర వాక్యం చేతులు మారి, కాళ్ళ కింద పడి అవమానం పాలుకాకూడదని ఆయన ఉద్దేశం. కాబట్టి మీ మూటలో కలిమా లేని మొగలు రూపాయి ఉంటే నకిలీ అని పారేయకండి.

సంవత్సరం చదవడం కష్టం కాదు. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం దాదాపుగా వస్తుంది. 1119 అయితే 1707. ఒక్క జాగ్రత్త: సున్నా అంటే చుక్క మాత్రమే. నాణెం అరిగితే మొదట మాయమయ్యేది అదే. పక్కనే జులూసు, అంటే పాదుషా గద్దెనెక్కిన తరువాత ఎన్నో ఏడు అనేది, ఉంటే రెండూ సరిచూసుకోవచ్చు.

మరి అమెరికా పంపి డబ్బీలో పెట్టించుకోవచ్చా? నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువులు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. జహంగీరు 1613లో ఆగ్రాలో వేయించిన వెయ్యి మొహర్ల నాణెం, దాదాపు 12 కిలోల బంగారం, 1987లో జెనీవా వేలం ప్రకటనలో కనిపించినప్పుడు సి.బి.ఐ. విచారణ జరిగింది ఈ చట్టం వల్లే. హైదరాబాదు నిజాం ఇంటిదని చెప్పే ఆ నాణెం తరువాత ఎక్కడికి పోయిందో లోకానికి తెలియలేదు. ఇక పొలం దున్నుతుంటే కుండ దొరికితే అది మీ మూట కాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన విలువ గలదైతే కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే శిక్ష ఉంది. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే లోహపు విలువ మీద అయిదో వంతు కలిపి ఇస్తుంది.

ఇంట్లో ఉన్న బంగారు, వెండి నాణేలకు జకాత్ ఉందా అని కూడా అడుగుతారు. అవి పాతవైనా కొత్తవైనా బంగారమే, వెండే కనుక నిసాబ్ లెక్కలో చేరతాయి. అమ్మకానికి పెట్టుకున్నవైతే తూకం కాదు, బజారు ధర చూడాలి. సందేహం ఉన్నవారు తమకు తెలిసిన ఆలిమ్‌ను సంప్రదించాలి.

ఈ ఆదివారం మీ ఇంటి మూట విప్పి, ఒక్కొక్క నాణేన్ని చిన్న కాగితపు కవరులో వేసి, పైన తూకం, కనిపించిన తారీఖు, అది ఇంటికి ఎవరి ద్వారా వచ్చిందో పెద్దవారిని అడిగి రాసి పెట్టండి. చదవలేనివి విడిగా ఉంచి, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి తీసుకువెళితే అక్కడి నాణేల పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. సరాఫు దుకాణం సోమవారం కూడా తెరిచే ఉంటుంది.