మూడు నెలల ఓపిక ఎవరికుంది?

రాయకోట మండీలో టమాటా క్రేటు ఎత్తే మనిషిని గమనించండి. నడుం వంచుతాడు. వంగిన చోటే కాస్త పక్కకు తిరుగుతాడు. లేచేటప్పుడు బరువు ఒంటికి మూరెడు దూరంలో ఉంటుంది. వెన్నుకు విడివిడిగానే గిట్టని ఈ మూడు పనులూ ఒక్క క్షణంలో జరిగిపోతాయి, మళ్లీ క్రేటు, మళ్లీ వంగడం. కృష్ణగిరి చుట్టూ గ్రానైటు క్వారీల్లోనూ అదే వరస. మామిడి కాపు రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి లోడెక్కించే వాళ్లదీ, హోసూరు గులాబీ తోటల్లో పొద్దున్నుంచి వంగి ఉండే ఆడవాళ్లదీ అంతే. టీవీఎస్ 50 పుట్టింది ఈ హోసూరులోనే, 1980లో. ఆ మోపెడ్ల మీద చేమంతి మూటలు కట్టుకుని గతుకుల దారిలో తెల్లవారుజామునే మార్కెట్టుకు వచ్చే రైతు నడుం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

కూర్చుని పనిచేసే వాళ్లకూ మినహాయింపు లేదు. నలభై కిలోమీటర్ల అవతల బెంగళూరుకు రోజూ పోయొచ్చే ఉద్యోగి, 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రంతా లారీ నడిపే డ్రైవరు, సిప్‌కాట్ పారిశ్రామికవాడ షిఫ్టులో బల్ల ముందు తల వంచి చిన్న చిన్న భాగాలు బిగించే అమ్మాయి, అందరూ ఏదో ఒక రోజు ఒకే మాట అంటారు: "నడుం పట్టేసిందన్నా."

నడుం పట్టేయడం వరకైతే ఫరవాలేదు. నాలుగు రోజులకు వదులుతుంది. కొందరికి మాత్రం నడుం తేలికైందనుకునే సరికి నొప్పి పిర్రలోకి దిగుతుంది, తొడ వెనక నుంచి పిక్కలోకి, అక్కణ్ణుంచి కాలి వేళ్ల దాకా పోతుంది. దగ్గితే జివ్వుమంటుంది. తుమ్ము వస్తుందంటే భయం. చెప్పులు తొడుక్కోవడానికి ఇంకొకరు కావాలి. మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. హోసూరు దగ్గరి బాగలూరు, బేరికె వైపు తెలుగులో "కాలు పీకుతా ఉండాది, రాత్రంతా నిద్ర లేదు" అంటారు. ఆసుపత్రి చీటీ మీద దాని పేరు సయాటికా.

ఆ నొప్పి సయాటిక్ నరానిది, ఒంట్లో ఇంతకన్నా లావు నరం మరొకటి లేదు. వెన్ను కింది భాగం నుంచి ఐదు మూలాలు కలిసి దాదాపు వేలి లావున తయారై, పిర్ర గుండా కాలి చివరికి పోతుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకు చుట్టూ గట్టి నారపొర, లోపల జిగురు పదార్థం ఉంటాయి. ఓళిగను గట్టిగా అదిమితే పూర్ణం ఒక పక్కకు చీల్చుకొస్తుంది కదా, ఆ జిగురూ అలాగే బయటికొచ్చి నరం మూలాన్ని నొక్కుతుంది. నొక్కడంతో ఆగదు. అది తగిలిన చోట వాపు లేస్తుంది, నరం మండడానికి ఆ వాపూ కారణమే. వయసు పైబడిన వాళ్లలో డిస్కుతో సంబంధం లేకుండా వెన్ను కాలువే ఇరుకై ఇలాంటి నొప్పి రావచ్చు.

ఈ నొప్పి నరానిది, తుంటి కీలుది కాదని విడదీసి రాసినవాడు నేపుల్స్ వైద్యుడు డొమెనికో కొటున్యో, 1764లో. నరాన్ని నొక్కేది డిస్కు అని తేలడానికి మరో 170 ఏళ్లు పట్టింది. 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు ఆ సంగతి ప్రకటించారు. దోషి దొరికాక కత్తి పట్టుకోవడం సహజం. డిస్కు ఆపరేషన్లు లోకమంతా పెరిగాయి. కత్తి లేకుండా ఎందరికి తగ్గుతుందన్న ప్రశ్న మాత్రం ఆలస్యంగా మొదలైంది.

దానికి వచ్చిన జవాబు వింటే చాలామంది నమ్మరు. బయటికి జారిన ముక్కను శరీరమే కొద్దికొద్దిగా కరిగించేస్తుంది. 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, డిస్కు నుంచి పూర్తిగా తెగిపడిన ముక్కలు 96 శాతం మందిలో వాటంతటవే తగ్గాయి. కాస్త ఉబ్బినట్టు మాత్రమే ఉన్నవి తగ్గింది 13 శాతం మందిలోనే. రిపోర్టులో భయంకరంగా కనిపించేదే తొందరగా కరిగే అవకాశం ఎక్కువన్నమాట. ఎక్కువ మందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి బాగా తగ్గుముఖం పడుతుంది.

పన్నెండు వారాలంటే మూడు నెలలు. కాగితం మీద చిన్న మాటే. రోజు కూలి మీద పొయ్యి వెలిగే ఇంట్లో అది చిన్న మాట కాదు. సయాటికా చుట్టూ నడిచే వ్యాపారమంతా ఈ మూడు నెలల తొందర మీదే బతుకుతుందని నా అనుమానం.

మొదటి తొందర స్కానుది. నొప్పి మొదలైన వారంలోనే ఎం.ఆర్‌.ఐ. తీయించుకుని, ఆ పెద్ద కవరు చంకలో పెట్టుకుని తిరిగే వాళ్లు ఏ బస్టాండులోనైనా కనిపిస్తారు. నడుం నొప్పి లేనే లేని 3,110 మంది స్కానులను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ల వయసు వాళ్లలోనే 30 శాతానికి డిస్కు ఉబ్బు ఉంది, ఎనభై ఏళ్ల వాళ్లలో 84 శాతానికి. అంటే ఫిల్ములో కనిపించిన ఉబ్బే మీ నొప్పికి కారణమని ఫిల్ము ఒక్కటే చెప్పలేదు. ఇంజెక్షనో ఆపరేషనో ఆలోచిస్తున్నప్పుడు, లేదా ప్రమాద సూచనలు కనిపించినప్పుడు స్కాను కావాలి. అంతవరకు పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూసే డాక్టరు చెయ్యి చాలా చెబుతుంది.

రెండోది మాత్ర. మెడికల్ షాపులో 'నరాల మాత్ర' అంటే ఎక్కువగా చేతికొచ్చేది ప్రీగాబలిన్, తరచుగా ఒక బి12 విటమిన్‌తో జత కలిపి. సిడ్నీ పరిశోధకులు 209 మంది సయాటికా రోగులకు దీన్నీ ఉత్తుత్తి మాత్రనూ ఇచ్చి పోల్చారు. 2017లో ఫలితం వచ్చింది: నొప్పి తగ్గడంలో తేడా లేదు, తల తిరుగుడు మాత్రం ప్రీగాబలిన్ వేసుకున్న వాళ్లలో ఎక్కువ. రాత్రి లారీ నడిపే వాడికి ఈ రెండో సంగతి మొదటిదానికన్నా ముఖ్యం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2020లో సయాటికాకు ఈ కోవ మందులు ఇవ్వొద్దనే చెప్పాయి. ఇప్పటికే వాడుతున్న వాళ్లు మాత్రం ఒక్కసారిగా మానకూడదు, డాక్టరును అడిగి మెల్లగా తగ్గించాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొన్నాళ్లు కొంత ఉపశమనం ఇస్తాయి, కానీ కడుపులో పుండున్న వాళ్లూ, కిడ్నీ, గుండె జబ్బులున్న వాళ్లూ సొంతంగా మింగే సరుకు కాదవి. నొప్పి భరించరానంత తీవ్రంగా ఉన్న తొలి వారాల్లో వెన్నులో నరం దగ్గరికి ఇచ్చే స్టెరాయిడ్ సూది కొందరికి కొంతకాలం ఊపిరి పీల్చుకునే వీలిస్తుంది. డిస్కును అది వెనక్కి నెట్టదు.

మూడోది కట్టు. తిరుపతి దాపున ఉన్న పుత్తూరు పేరు ఎముకల కట్టుతో తమిళనాడంతా పాకింది. ఏ ఊరికి పోయినా 'పుత్తూరు కట్టు' బోర్డు ఒకటి ఉంటుంది. విరిగిన చెయ్యికి కట్టు సంగతి వేరు, వెన్నులో నలిగిన నరం సంగతి వేరు. నడుం విరిచే వాళ్లు, వీపు మీద నడిచే వాళ్లు, కాళ్లకు బరువు వేలాడదీసే వాళ్లు, ఏముందో చెప్పని పొడి పొట్లాలిచ్చే వాళ్లు, వీళ్లందరి దగ్గరా కొందరికి తగ్గుతుంది. పన్నెండు వారాల్లో ఎటూ తగ్గేదే కాబట్టి, తగ్గిన రోజు ఎవరి గడపలో ఉంటే వాళ్లకే పేరొస్తుంది. చరకుడు గృధ్రసి పేరుతో వాత రోగాల్లో చేర్చిన జబ్బిది. గోరువెచ్చని నూనెతో మెల్లగా మర్దన చేస్తే బిగిసిన కండ సడలి హాయిగా ఉంటుంది, కాదనను. వెన్నును విరవడం మాత్రం మర్దన కాదు.

మరి పడుకుని ఉంటే? పాత వైద్యం అదే చెప్పేది. నెదర్లాండ్స్‌లో 183 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును రెండు వారాలు మంచం దిగొద్దన్నారు. రెండో జట్టును ఓపికున్నంత మేర తిరగమన్నారు. 1999లో వచ్చిన ఫలితం ప్రకారం పన్నెండు వారాలకు రెండు జట్లలోనూ 87 శాతం మందికి మెరుగైంది. మంచం వల్ల నష్టపోయింది కండ బలం, కూలి డబ్బు.

కాబట్టి కదలాలి, కానీ నొప్పిని ధిక్కరిస్తూ కాదు. ఒక్క తీరున అరగంట మించి కూర్చోకపోవడం, ఇంట్లోనే కొద్ది దూరాలు నడవడం, రాత్రి పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం, లేదా వెల్లకిలా పడుకుని పిక్కలను కుర్చీ మీద ఆనించడం, వేడి కాపడం. కటిక నేల మీద చాప వేసుకు పడుకోమని పెద్దవాళ్లు చెబుతారు. అక్కణ్ణుంచి లేవడమే సయాటికా మనిషికి ఒక గండం. స్పెయిన్‌లో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 313 మంది మీద 2003లో చేసిన పరీక్షలో బాగా గట్టి పరుపు కన్నా ఓ మోస్తరు గట్టిదే మేలనిపించింది.

వ్యాయామాల్లో ఒకదాని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో, రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు కాలి నొప్పితో వచ్చిన ఓ రోగిని గదిలో బోర్లా పడుకోమని చెప్పి పనిలో పడ్డాడు. ఆ బల్ల తలవైపు పైకి లేపి ఉంది. రోగి అలాగే, వెన్ను వెనక్కి వంగేలా పడుకున్నాడు. మెకంజీ వచ్చి కంగారుపడేలోపే, వారాల తరబడి వేధించిన కాలి నొప్పి పోయిందన్నాడు. ఆ పరిశీలన లోంచి ఒక చికిత్సా పద్ధతే పుట్టింది. ఏ భంగిమలో నొప్పి పాదం నుంచి పైకి జరిగి నడుం దగ్గర కూడుకుంటుందో అది మీకు పడుతుంది. ఏ భంగిమలో కాలి కిందికి పాకుతుందో అది మానుకోవాలి. వెనక్కి వంగడం అందరికీ పడదు, ఇరుకు కాలువ ఉన్న పెద్దవాళ్లకు ముందుకు వంగితేనే సుఖం. అందుకే ఫోను వీడియో చూసి కాక ఫిజియోథెరపిస్టు ఎదుట మొదలుపెట్టాలి.

ఓపిక పట్టకూడని సందర్భాలున్నాయి, ఇవి గుర్తుంచుకోండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య, మర్మాంగం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ బలహీనపడినా అదే పూట పెద్దాసుపత్రికి పోవాలి. గంటలు గడిచే కొద్దీ నరాలు కోలుకునే అవకాశం తగ్గిపోతుంది. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆలస్యం తగదు. జ్వరం, బరువు తగ్గడం, గతంలో క్యాన్సరు, రాత్రి పడుకున్నా వదలని వెన్ను నొప్పి ఉంటే కారణం డిస్కు కాకపోవచ్చు. మన దేశంలో వెన్నెముక క్షయ ఇంకా పాత కథ కాలేదు. షుగరున్న వాళ్లకు పాదాల మంట వేరే దారిన కూడా వస్తుంది.

ఇవేవీ లేకుండా రెండు మూడు నెలలు దాటినా నొప్పి లొంగకపోతే ఆపరేషన్ మాట ఎత్తడంలో తప్పు లేదు. నెదర్లాండ్స్‌లోనే 283 మందితో చేసిన మరో పరీక్ష 2007లో వచ్చింది. తొందరగా ఆపరేషన్ చేయించుకున్న వాళ్లకు కాలి నొప్పి త్వరగా పోయింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆగి చూద్దామనుకున్న వాళ్లలో 39 శాతం మంది చివరికి కత్తి కిందికి వెళ్లారన్నదీ నిజమే. ఆపరేషన్ కొనిపెట్టేది ప్రధానంగా సమయాన్ని.

ఇక ఆ సమయం ఎవరి దగ్గర ఉందో చూద్దాం. ఇ.ఎస్‌.ఐ. పరిధిలో ఉన్న కార్మికుడికి జబ్బు సెలవు కింద ఏడాదికి 91 రోజుల దాకా, జీతంలో 70 శాతం వస్తుంది. 91 రోజులంటే పదమూడు వారాలు. ఎవరు ఏమనుకుని పెట్టారో గానీ సయాటికాకు కొలిచి కుట్టినట్టు ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: దీర్ఘకాల జబ్బుల జాబితాలో డిస్కు జారడం కూడా ఉంది. రెండేళ్ల సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉంటే 80 శాతం జీతంతో రెండేళ్ల దాకా సాయం పొడిగించవచ్చు. సిప్‌కాట్‌లో పనిచేసే తెలుగు కుర్రాళ్లు 'నరాల మాత్ర' మింగి షిఫ్టుకు పోయే ముందు ఒకసారి ఇ.ఎస్‌.ఐ. డాక్టరు దగ్గర సర్టిఫికెట్ సంగతి అడగాలి. నెల జీతం 21,000 దాటితే మాత్రం ఆ తలుపు మూసుకుంటుంది. మండీ కూలీకి, తోట కూలీకి తలుపే లేదు.

బరువు విషయంలోనూ ఇంతే. దెబ్బ తగిలేంత బరువు ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను చెప్పింది, అది ఫ్యాక్టరీ గేటు లోపలి మాట. బ్రిటన్ భద్రతా సంస్థ లెక్కలో, ఒంటికి ఆనించి నడుం ఎత్తులో పట్టుకుంటే మగవాడికి 25 కిలోలు, ఆడమనిషికి 16 కిలోల దాకా ఫరవాలేదు. నేల మీద నుంచి చేతులు చాచి ఎత్తాల్సి వస్తే ఆ హద్దు 5 కిలోలకు, 3 కిలోలకు పడిపోతుంది. సరుకును మోకాలెత్తు అరుగు మీద పెట్టుకున్నా కొంత నడుం మిగులుతుంది.

ఇ.ఎస్‌.ఐ. తలుపు లేని కూలీకి, ఇంటికే వచ్చే పథకం ఒకటుంది. 2021 ఆగస్టు 5న తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 'మక్కళై తేడి మరుత్తువమ్' పథకాన్ని మొదలుపెట్టింది చెన్నైలో కాదు, ఈ కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. బీపీ, షుగరు మందులు ఇంటికే తెచ్చివ్వడంతో పాటు, కదలలేని వాళ్లకు ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ కూడా అందులో భాగం. 2024లో దానికి ఐక్యరాజ్యసమితి కార్యదళం పురస్కారం వచ్చింది. సయాటికాతో రెండు వారాలుగా మంచం దిగని నలభై ఏళ్ల కూలీ, ఆ పథకం మొదట వెతికే మనిషి కాదు. పక్షవాతం వచ్చిన పెద్దాయనా, పడకపట్టిన ముసలమ్మా ముందుంటారు, అది న్యాయమే. అయినా ఆరోగ్య కార్యకర్త వీధిలోకి వచ్చిన రోజున ఆమెను ఇంట్లోకి పిలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫిజియోథెరపిస్టు మీ ఊరికి ఎప్పుడొస్తారో అడిగి పేరు రాయించుకోండి. ఆమె అడగాల్సిన రెండు ప్రశ్నలు, ఒంటేలు సరిగా పోతా ఉండాదా, పాదం పైకి లేస్తా ఉండాదా అన్నవి, బేరికె తెలుగులో అడిగినా జవాబు డాక్టరు దాకా తమిళంలో చేరుతుంది.