బరువు లేని మాట... తూకానికి నిలుస్తుందా?

భూమ్యాకర్షణను జయించిన యంత్రం ఒకటి ఉందట. దాన్ని పెద్ద దేశాలు గుట్టుగా దాచాయట. నమ్మేవారు ఒకవైపు, నవ్వేవారు మరోవైపు! ఎవరి మాట నిజమో తేల్చే కాటా మాత్రం కృష్ణా డెల్టాలో ప్రతి రైస్‌మిల్లులోనూ ఉంది.

విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువల తలుపులు ఎత్తితే చాలు, నీళ్లు వాటంతటవే బయలుదేరతాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతలి గట్టున కొమ్మమూరు కాలువ... నీటిని తోయడానికి మోటార్లేమీ ఉండవు. నేల సముద్రం వైపు కొద్దికొద్దిగా వాలి ఉంది కాబట్టి దివిసీమ దాకా పారుకుంటూ పోతాయి. 1850ల్లో ఆనకట్ట కట్టిన రోజుల్లోనూ అంతే, 1957లో బ్యారేజీ వచ్చాకా అంతే. 13 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టుకు నీళ్లు మోసే కూలీ భూమ్యాకర్షణే. పైసా జీతం అడగదు!

అదే నీటిని పైకి ఎత్తాలంటే? పట్టిసీమను చూడండి. 2015లో ప్రారంభమైన ఆ పథకంలో 24 భారీ పంపులు గోదావరి నీటిని ఎత్తి కాలువలో పోస్తే, అది ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణమ్మను చేరుతుంది. ఒక టీఎంసీ నీటిని ఒక్క మీటరు ఎత్తాలంటే, రవ్వంత వృథా చేయని పంపు ఉన్నా సుమారు 77 వేల యూనిట్ల కరెంటు కావాలి. దించితే ఉచితం, ఎత్తితే బిల్లు. ప్రకృతి లెక్క అంతే.

ఇప్పుడు ఎవరైనా వచ్చి ‘ఆ బిల్లు కట్టక్కర్లేదు, బరువునే మాయం చేసే యంత్రం ఉంది’ అంటే నమ్మాలా, వద్దా?

కిలోన్నర తేడా!

అలా అన్నవాళ్లు లేకపోలేదు. ఫిన్లాండ్‌లోని టాంపెరేలో పనిచేసిన రష్యన్ శాస్త్రవేత్త యెవ్‌గెనీ పోద్‌క్లెత్నోవ్ 1992లో ఓ వింత ప్రకటించాడు. బాగా చల్లబరిచిన సూపర్‌కండక్టర్ పళ్లేన్ని గిరగిరా తిప్పితే, దాని పైనున్న వస్తువుల బరువు కాస్త తగ్గిందన్నాడు. ఆ తర్వాత ఆ తగ్గుదల 2 శాతం దాకా ఉందన్నాడు. అంటే 75 కిలోల ధాన్యం బస్తా కిలోన్నర తేలికవ్వాలి. కాటా మీద అది దాగే తేడా కాదు. నాసా సహా పలువురు ప్రయత్నించినా ఆ ఫలితం మళ్లీ రాలేదు. 1996లో అచ్చు కావాల్సిన రెండో వ్యాసం వెనక్కి వెళ్లిపోయింది.

అమెరికా నౌకాదళం కథ ఇంకా ఆసక్తికరం. వస్తువు జడత్వాన్నే తగ్గించే వాహనమంటూ అక్కడి ఇంజినీరు సాల్వటోర్ పాయస్ పేరిట 2018లో పేటెంటు వచ్చింది. ‘చూశారా, ప్రభుత్వమే ఒప్పుకుంది’ అన్నారు నమ్మేవారు. కానీ పేటెంటు అంటే యంత్రం పనిచేసిందన్న సర్టిఫికెట్ కాదు. ఆ ఆలోచనలకు మూలమైన ప్రభావాన్ని పరీక్షించడానికి నౌకాదళం 5 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. 2019లో పరీక్షలు ముగిశాయి. ఫలితం... రుజువు కాలేదు.

మన విమానాల మాటేమిటి?

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి, రావణుడికి 24 రకాల విమానాలు ఉండేవని చెప్పడం దేశమంతా చర్చకు దారితీసింది. ఆ మాటలతో తమకు సంబంధం లేదని నిర్వాహకులే చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా ‘వైమానిక శాస్త్రం’ అనే సంస్కృత గ్రంథం ముందుకొస్తుంది. భరద్వాజ మహర్షి చెప్పినదిగా ప్రచారంలో ఉన్న ఈ గ్రంథాన్ని సుబ్బరాయ శాస్త్రి చెబుతుంటే 1918-23 మధ్య రాసుకున్నారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అయిదుగురు పరిశోధకులు దాన్ని ఎగతాళి చేయలేదు. శ్లోకాలు చదివారు, బొమ్మలు చూశారు, లెక్కలు కట్టారు. అందులోని విమానాలేవీ ఎగరలేవనీ, గ్రంథం 1904కు ముందుది కాదనీ 1974లో తేల్చారు. పుష్పక విమానం గొప్పతనానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. కావ్యానికి ఇంజిన్ సర్టిఫికెట్ ఎందుకు?

‘రహస్యం కదా... చెబుతారా?’

నమ్మేవారి బలమైన వాదన ఇదే. ఇందులో కొంత నిజం లేకపోలేదు. రాడార్‌కు చిక్కని ఎఫ్-117 విమానం 1981లోనే ఎగిరినా, ఆ సంగతి 1988 దాకా బయటపెట్టలేదు. అయితే ఒక్క విషయం గమనించాలి. దాని తయారీకి దారిచూపిన లెక్కలను రష్యా శాస్త్రవేత్త ప్యోతర్ ఉఫింత్సెవ్ 1962లోనే అచ్చువేశాడు. అంటే దాచింది విమానాన్నే, ప్రకృతి సూత్రాన్ని కాదు. సూత్రాన్ని దాచడం ఎవరి తరమూ కాదు. ఏ దేశపు ప్రయోగశాలలోనైనా అది దొరికిపోతుంది.

పైగా ఓ చిక్కుంది. చుట్టూ బకెట్లు కట్టిన చక్రాన్ని ఊహించండి. ఒకవైపు బకెట్ల బరువును ఆ యంత్రం తగ్గించిందనుకోండి. బరువైన వైపు దిగుతుంది, తేలికైన వైపు లేస్తుంది. చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు వ్యాగన్లతో పనే ఉండదు! పోనీ, ఆ యంత్రమే అంత కరెంటూ తాగుతుందంటారా? అప్పుడు పట్టిసీమ పంపుకూ దానికీ తేడా ఏముంది?

ప్రకృతి కూడా ఈమధ్యే ఒక జవాబిచ్చింది. మామూలు పదార్థానికి విరుద్ధమైన యాంటీమేటర్ అయినా పైకి లేస్తుందేమోనని కొందరు ఆశపడేవారు. జెనీవా దగ్గరి సెర్న్‌లో యాంటీహైడ్రోజన్‌ను వదిలి చూస్తే అదీ కిందికే పడిందని 2023లో ప్రకటించారు.

నిప్పుల మీద నడిచిన ఊరు

పరీక్షించి చూడటం బెజవాడకు కొత్త కాదు. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు, సరస్వతీ గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో పటమటకు మారింది. నిప్పుల మీద నడవడానికి మహిమ అక్కర్లేదని చెప్పి ఊరుకోలేదు వాళ్లు. జనం ముందే నడిచి చూపించారు. దేవుడి విషయంలో వారితో ఏకీభవించనివారు ఎందరో ఉండవచ్చు. ‘అందరి ముందూ చేసి చూపు’ అన్న పద్ధతితో మాత్రం ఎవరికీ పేచీ ఉండదు.

ఆ పద్ధతి లేనిచోట ఇళ్లు గుల్లవుతాయి. తెలుగు రాష్ట్రాల పోలీసులకు ‘రైస్ పుల్లింగ్’ కేసులు కొత్తకాదు. పిడుగుపడిన రాగిచెంబుకు బియ్యాన్ని లాగే శక్తి వచ్చిందనీ, అంతరిక్ష సంస్థలు కోట్లు పోసి కొంటాయనీ నమ్మిస్తారు. 2018లో దిల్లీలో ఇలాగే నాసా పేరు చెప్పి ఒక వ్యాపారికి సుమారు కోటీ 43 లక్షలు టోకరా వేసిన తండ్రీకొడుకులు దొరికారు. ‘రహస్యం, ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాటే అక్కడ పెట్టుబడి. అనుమానం వచ్చినా పక్కవాణ్ని అడగలేని పరిస్థితి అదే తెస్తుంది.

కాబట్టి రేపు ఎవరైనా బరువు పోగొట్టే యంత్రం ఉందంటే కోప్పడక్కర్లేదు, నవ్వక్కర్లేదు. నిజమైతే అంతకన్నా సంతోషమేముంది? నేరుగా మిల్లు దగ్గరికి తీసుకెళ్లి, కాటా మీద ధాన్యం బస్తా పెట్టి, యంత్రాన్ని ఆన్ చేయమనండి.

ముల్లు కదిలితే చప్పట్లు కొడదాం. అందాకా జేబులో చెయ్యి పెట్టొద్దు!